రూతమ్మ పోయని ఉప్పు

నాది ముక్కు మీద కోపం. ఇది నేను చెప్పుకోవడం కాదు, గద్వాలలో మా వీధి మొత్తం చెప్పే మాట. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చునే మా నాన్నకు నాలాంటి కూతురు ఎలా పుట్టిందో ఆయనకే తెలియదు. "నీ అరికాళ్లల్ల ముండ్లున్నయే నవనీతా, ఒక్కకాడ కూసోవు" అంటాడు. నిజమే, కూర్చోలేను. కుర్చీలో కూర్చునే ఉద్యోగం ఒకటి దొరికితే నెల తిరక్కుండా వదిలేసి వచ్చాను. ఎండలో పొలాలెంబడి తిరిగే ఈ పని మాత్రం నాకు అతికింది.

భూమిని తవ్వకుండా లోపల ఏముందో కనిపెట్టడం నా పని. ఒకే వరసలో నాలుగు ఇనుప చువ్వలు నేలలో దిగ్గొడతాం. అటు చివర, ఇటు చివర ఉన్న చువ్వల్లోంచి బ్యాటరీ కరెంటు భూమిలోకి పంపుతాం. ఆ కరెంటుకు నేల ఎంత అడ్డం పడుతోందో మధ్య చువ్వలు చెబుతాయి. లోపల రాయి ఉంటే కరెంటు మొరాయిస్తుంది, మీటరులో అంకె పెరుగుతుంది. తడో ఉప్పో ఉంటే సాఫీగా జారిపోతుంది, అంకె పడిపోతుంది. చువ్వల్ని కాస్త కాస్త జరుపుకుంటూ పొలం మొత్తం నడిచి, అంకెలన్నీ పటం మీదికెక్కిస్తే పాతకాలపు గోడలు, పునాదులు, సమాధులు రంగుల్లో తేలతాయి. మాయ లేదు, మంత్రం లేదు. చాలాచోట్ల మాత్రం ఎండ దెబ్బ తప్ప ఇంకేం తగలదు.

ఈసారి పెద్దమందడి దాటాక ఒక పట్టా పొలం. దాని నడిమి నుంచి పిల్లకాలువ పోవాలి. పొలం గట్టున పెద్ద పెద్ద రాళ్లు కుప్పగా ఉన్నాయని ఎవరో ఫోటో తీసి పంపితే పురావస్తు శాఖ వాళ్లకు అనుమానం వచ్చింది. మా పాలమూరులో అలాంటి రాళ్లకు కొదవ లేదు. ఇనుము వాడకం కొత్తగా తెలిసిన కాలంలో మనుషులు తమవాళ్లు పోతే బండలతో గదిలాగా కట్టి, అందులో పెట్టి పూడ్చి, చుట్టూ గుండ్లు పేర్చేవారు. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. ఈ పొలం కింద అలాంటి రాతి గదులుంటే కాలువ పక్కకు జరగాలి, లేకపోతే తవ్వుకోవచ్చు. ఏ సంగతో తేల్చమని నన్ను పంపారు.

కాలువ ఇంజినీరు ప్రశాంత్ వచ్చీ రాగానే చేతి గడియారం చూపించాడు. మంచివాడే, కానీ తొందరమనిషి. అలాంటి మనిషీ నేనూ ఒకచోట పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

"మేడం, రేపు పొద్దున మెషీన్ దిగుతది. మిరుగం వానలు పడితే నా పనంత ఆగమైతది. ఉన్నదా లేదా, ఇయ్యాల్నే చెప్పున్రి."

"వాన పడితే నా పని గూడ ఆగమే సార్. నేలంత నానిందంటే అంకెలన్ని ఒక్కతీరుగనే వస్తయి. మీకంటే నాకే తొందర."

వెళ్లబోతూ ఆగాడు. "వాడోళ్లు ఇది బొందలగడ్డ అంటున్నరు." బొంద అంటే మా దగ్గర సమాధి గుంట. "కాలువ అనంగనే ప్రతి ఊర్ల గిదే మాట. యాడున్నయో చూపియ్యమంటే ఒక్కలు చూపియ్యరు. కాయితంల పొలమనే ఉన్నది."

రోహిణి కార్తె ఆఖరు రోజులు. మృగశిర కార్తె, మా మాటలో మిరుగం, రేపో మాపో. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, నాకు తల పగిలేట్టుంది. గుట్ట వెనక మబ్బు మాత్రం పొద్దుటి నుంచే పోగవుతోంది. ఎండ, ఉక్క, ఆ మబ్బు, మూడూ కలిసి నన్ను ఒకచోట నిలవనివ్వలేదు.

వాడ నుంచి ఇద్దరు ఆడవాళ్లు కూలికి వచ్చారు. స్వరూప చువ్వలు దిగ్గొట్టడానికి, రూతమ్మ నీళ్లు పోయడానికి. ఎండిన మట్టి చువ్వను సరిగ్గా పట్టదు, కరెంటు లోపలికి దిగదు. అందుకని ప్రతి చువ్వ మొదట్లోనూ కాసిని ఉప్పునీళ్లు పోస్తాం. ఉప్పునీళ్లు నీలం డ్రమ్ములో కలిపి పెట్టాను, తాగే నీళ్లు తెల్ల డ్రమ్ములో ఉన్నాయి. పోసేది గ్లాసెడే, ఎక్కువ ఒలికితే లెక్క తప్పుతుందని పొద్దున్నే గట్టిగా చెప్పాను. గట్టిగా అంటే, అరుణ్ మాటల్లో, పెద్దమందడి బస్టాండులో బస్సు ఎక్కేవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసేంత. అరుణ్ మీటరు దగ్గర కూర్చుని అంకెలు చదివే నా జోడీదారు. అక్కా అంటూనే నన్ను ఆటపట్టిస్తుంటాడు.

రూతమ్మకు యాభై దాటి ఉంటాయి. బక్కమనిషి, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. నేను కూర్చోలేని మనిషినన్నాను కదా, ఆమె నన్ను మించిపోయింది. చాయ్ కూడా నిలబడే తాగింది. మేం జీపు నీడకు చేరితే ఆమె పొలంలోకి పోయి, నేలచూపులు చూసుకుంటూ, కాలు కాలిన పిల్లిలాగా అటూ ఇటూ తిరిగింది.

"జర కూసో పెద్దమ్మా. నిన్ను చూస్తుంటే నాకే కాళ్లు గుంజుతున్నయి" అన్నాను.

కూర్చోలేదు కానీ దగ్గరకు వచ్చింది. "మేడం, ఒక్క మాట అడుగుత. గీ మిషన్ల మనిషి కనపడ్తడా?"

"ఏం మనిషి?"

"మన్నుల వెట్టిన మనిషి."

"రాళ్లు కనపడ్తయి. మనుషులు కనపడరు. మనిషి బొక్కలు గిట్ట చూపియ్యది ఇది. నీళ్లు తేపో, లైను ఆగింది."

ఆమె ఇంకేమీ అడగకుండా డబ్బా అందుకుని వెళ్లింది. నేను మబ్బు చూశాను. అది ఇంకొంచెం పెరిగింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మేం పొలం నడిమికి చేరాం. నేను ఎదురు చూసేది పెద్ద అంకెల కోసం. రాతి గది తగిలితే అరుణ్ గొంతులో హుషారు వస్తుంది, మీటరు చూడకుండానే నాకు తెలిసిపోతుంది. ఆ రోజు గొంతు మారింది కానీ హుషారు లేదు.

"అక్కా, పడిపోతున్నది."

"ఏంది?"

"అంకె. సగానికి సగం పడ్డది."

చువ్వలు జరిపాం, అంకె లేచింది. ఇంకాస్త జరిపాం, మళ్లీ పడింది. పక్క లైనులోనూ అదే వరస. లేవడం, పడడం, లేవడం, పడడం. రాయి జాడ ఎక్కడా లేదు.

"ఉప్పునీళ్లు ఒలికినయి, గంతే" అన్నాడు అరుణ్. "పెద్దమ్మ డబ్బాలకు డబ్బాలు గుమ్మరించినట్టుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దుటి నుంచి ఎండలో చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరయింది. మళ్లీ మొదటి నుంచి చేద్దామంటే మబ్బు ఆగదు, ఇంజినీరు ఆగడు. రూతమ్మ మీద విరుచుకుపడ్డాను.

"పొద్దున ఏం చెప్పిన నీకు? గ్లాసెడు పొయ్యమన్ననా, మడి తడపమన్ననా? దినమంత చేసింది పాడువెట్టినవ్ గద రూతమ్మా. చెప్తే అర్థం గాదా?"

ఆమె డబ్బా కింద పెట్టింది. తల మాత్రం దించలేదు. "నేను ఉప్పునీళ్లు పొయ్యనే లేదు మేడం."

"మరి ఏం పోసినవ్?"

"తెల్ల డ్రమ్ముల నీళ్లు. పొద్దుగాల నుంచి అవ్వే పోస్తున్న."

నాకు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, రెట్టింపు వచ్చింది. ఏమేమన్నానో అరుణ్ ఇప్పటికీ అప్పజెప్పి నన్ను ఏడిపిస్తాడు, ఇక్కడ మాత్రం రాయను. అలుపొచ్చాక అడిగాను, ఎందుకిలా చేశావని.

"ఈ నేలల నా చేత్తోని ఉప్పు పొయ్య" అంది.

"ఎందుకు పొయ్యవ్?"

"మట్టిల ఉప్పు పోసేది సచ్చినోళ్లకు మేడం. బొంద తీసి, మనిషిని పండవెట్టి, మీద ఉప్పు పోస్తం. మొదలు సొంతోళ్లు పొయ్యాలె. తల్లో, తండ్రో, కొడుకో. ఆ వెనకనే మన్ను. సొంతోళ్ల చేతి ఉప్పు పడకపోతే దిక్కులేనోళ్ల తీరు పోయినట్టు. నా బిడ్డ గీ నేలల్నే ఉన్నది. దానికి పొయ్యని ఉప్పు, గీ ఇనుప చువ్వకు పొయ్యమంటవా?"

స్వరూప సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేనూ నిలబడిపోయాను. అప్పుడు రూతమ్మ చెప్పింది, అటూ ఇటూ నడుస్తూనే చెప్పింది.

ఆమె కూతురి పేరు ఎస్తేరు. పాల పళ్లు ఊడే వయసు. రూతమ్మా, ఆమె భర్త బక్కయ్యా ఒక మేస్త్రి వెంట బొంబాయికి కట్టుబడి పనులకు వెళ్తూ పిల్లను రూతమ్మ అత్తగారి దగ్గర వదిలిపెట్టారు. పిల్లకు జ్వరం వచ్చింది, నాలుగు రోజులకే పోయింది. సెల్‌ఫోన్లు లేని కాలం. కబురు బొంబాయి చేరి, వీళ్లు ఊరు చేరేసరికి బొంద మీది మన్ను ఎండిపోయింది. గడప దగ్గరే అత్త అడ్డం నిలబడి అరిచింది: "ఇప్పుడొచ్చిండ్రా? ఉప్పు గూడ పొయ్యకుంట కుక్కను పూడ్చినట్టు పూడ్చినం నీ బిడ్డను." బొంద ఎక్కడో చూపించడానికి కూడా రాలేదు. బక్కయ్య ఒక్కడే పోయి తలాపు రాయి చూసి వచ్చాడు, రూతమ్మకు పోబుద్ధి కాలేదు. మేస్త్రి తొందరపెడితే మళ్లీ రైలెక్కేశారు. ఇంకోసారి వచ్చేసరికి రోడ్డవతల వాడకు వేరే బొందలగడ్డ ఇచ్చారు, ఈ భూమి ఎవరిదో పట్టా అయింది, ట్రాక్టరు దున్నేసింది. తలాపు రాళ్లన్నీ పెకిలించి గట్టున పోశారు.

నేను గట్టు వైపు చూశాను. ఫోటోలో రాకాసి గుళ్లలాగా కనిపించినవి ఆ రాళ్లే.

"మా ఆయన బతికున్నప్పుడు యాడనో చెప్పబోతుండె. నేనే వద్దంటి. చూసి ఏం మొకం వెట్టుకుందు?" అంది రూతమ్మ. "ఆయన పోయినంక బుద్ధి పుట్టింది. గప్పటి నుంచి ఈడ కూలి అంటే వస్త, కలుపంటే వస్త. దొరకది."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. అరుణే ముందు తేరుకున్నాడు.

"అక్కా, పెద్దమ్మ పోసింది మంచినీళ్లయితే, నేలల ఉప్పు యాడికెల్లి వచ్చింది?"

ఇద్దరం జీపు వైపు పరుగు పెట్టాం. ల్యాప్‌టాప్‌లో అంకెలన్నీ ఎక్కిస్తే పటం తేలింది. ఎర్రటి నేల రంగు మధ్యన నీలం మచ్చలు, మనిషి పొడుగున, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి, పక్కపక్కనే. ఒలికిన నీళ్లు అలా వరసగా పడుకోవు. ఆ పొలంలో కింద బంకమట్టి, మా వైపు వానలు తక్కువ. ఒకసారి లోపలికి పోసిన ఉప్పు తొందరగా ఎక్కడికీ పోదు. తవ్వి పూడ్చిన గుంట తడిని కూడా పట్టి ఉంచుకుంటుంది. మనుషులు కనపడరని పొద్దున నేనే అన్నాను. మనుషులు కాదు, వాళ్లకు పోసిన ఉప్పు కనపడుతోంది.

వరస చివర ఒక మచ్చ ఉంది. అన్నిటికంటే చిన్నది. అన్నిటికంటే ముదురు నీలం. మిగతా చోట్ల సగానికి పడ్డ అంకె అక్కడ అట్టడుగుకు పోయింది.

రూతమ్మను పిలిచి, ఉప్పున్న చోటే నీలం వస్తుందని చెప్పి చూపించాను. "పెద్దమ్మా, చిన్న బొంద గిదొక్కటే ఉన్నది."

ఆమె తెర మీదికి వంగి చాలాసేపు చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "అది గాదు."

"ఎందుకు గాదు?"

"ఉప్పున్న కాడనే గద మీ మిషన్ల నీలం వస్తున్నది? నా బిడ్డకు ఉప్పే పొయ్యలె. అది ఎవరి బిడ్డనో. నా బిడ్డ మీ మిషన్లకు గూడ రాదు."

అని, మళ్లీ పొలంలోకి నడిచింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను చెప్పిందే నాకు తిరిగి చెప్పింది.

ప్రశాంత్‌కు ఫోన్ చేశాను.

"రాతి గదులు లేవు సార్. బొందలున్నయి. వరసగ ఉన్నయి."

"మేడం, మీరే ఉప్పునీళ్లు పోసి, మీరే ఉప్పున్నదంటే పైన ఎవరు నమ్ముతరు?"

"ఉప్పునీళ్లు పొయ్యలె. మంచినీళ్లే పోసినం."

"పొద్దున నీలం డ్రమ్ముల ఉప్పు కలుపుతుంటే నేను చూసిన గద. నా ముందట మల్ల చేసి చూపియ్యున్రి, మంచినీళ్లతోని. అంకె గట్లనే పడితే కాలువ గట్టవతలికి జరుపుత, రాసిస్త. పడకపోతే పొద్దున మెషీన్ దిగుతది. వనపర్తిల ఉన్న, బయల్దేరుతున్న."

గాలి తిరిగింది. గుట్ట వెనక ఉన్న మబ్బు గుట్ట దాటింది. వనపర్తి నుంచి ఇతను వచ్చేలోపు వాన వచ్చిందంటే నేలంతా ఒకటే నీలం. నేను జీపు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. అటు రూతమ్మ పొలంలో తిరుగుతోంది, ఇటు నేను. "మీ ఇద్దరికి తోడు నేను గూడ తిరగాల్నా అక్కా" అన్నాడు అరుణ్. వాడి మీద అరవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఈలోగా స్వరూప వాడకు పోయి సంగతి చెప్పినట్టుంది. మనుషులు ఒక్కొక్కరే గట్టు మీదికి చేరారు. వాళ్లలో స్వరూప వాళ్ల అవ్వ హన్మమ్మ కూడా ఉంది. వాడలో అందరికంటే పెద్దది, కర్ర పట్టుకుని, స్వరూప భుజం మీద చెయ్యేసి వచ్చింది.

"బొందలు కనపడ్డయంటనే బిడ్డా మిషన్ల" అంది.

ఆమెకు కళ్లు ఆనవని తెలిసి నోటితోనే చెప్పాను. ఇవి ఇలా ఉన్నాయి, ఇవి ఇటు తిరిగి ఉన్నాయి అని చెప్పి, చివరికి మనసులో ఉన్నది అడిగేశాను. "వరస ఆఖరుకు ఒక చిన్న బొంద ఉన్నది అవ్వా. పెద్దోళ్ల బొందలల్ల గూడ లేనంత ఉప్పు దాన్ల ఉన్నది. చిన్నపిల్లకు అంత ఉప్పు ఎందుకు పోస్తరు?"

"ఎస్తేరు పిల్లది గాదా అది" అంది హన్మమ్మ, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు.

నేను రూతమ్మను కేక వేశాను. నా గొంతు ఎలా వినపడిందో, డబ్బా వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, నా బిడ్డకు ఉప్పు పోసిండ్రా?" అని అడిగింది. హన్మమ్మ ఆమెకు వరసకు అత్త.

"పొయ్యకుంట ఎట్ల పూడుస్తమే?"

"మా అత్త పొయ్యలెదన్నది గద. కుక్కను పూడ్చినట్టు పూడ్చినమన్నది."

హన్మమ్మ కర్ర మీద ఆనుకుంది. "తల్లీ లేకపాయె, తండ్రీ లేకపాయె. మొదలు ఉప్పు ఎవరు పొయ్యాలె? మీ అత్తను పొయ్యమంటే ఆమె చేతులు వణికి, పొయ్యలేక ఆడనే కూలవడ్డది. పాస్టరు ప్రార్థన ఆపిండు. ఏం చెయ్యాల్నో ఎవ్వరికి తెల్వదు. గప్పుడు వాడోళ్లమందరం ఇండ్లకు ఉరికినం. ఎవరింట్ల ఎంతుంటే అంత తెచ్చినం. నేనైతే ఉప్పు కుండనే తెచ్చిన. యేసును మొక్కేటోళ్లు, ఎల్లమ్మను మొక్కేటోళ్లు అని లేదు, ఒక్కలెంక ఒక్కలం పోసినం. తల్లి పొయ్యాల్సింది వాడంత పోసింది. ఆనాడు మా వాడల ఎవ్వరి కూరల ఉప్పు లేదు పిల్లా."

గట్టు మీద ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు తలలూపారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి అత్త గట్లెందుకు అన్నది?"

"పిల్లను ఆమె చేతుల వెట్టి పోతిరి. ఆమె చేతులల్లనే పాయె. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలె చెప్పు? నీకు గట్ల చెప్పిందని మాకు తెల్వనే తెల్వదు. నువ్వన్న ఒక్కనాడు అడిగినవా?"

"అడగలె" అంది రూతమ్మ. "మీరు గూడ గదే మాట అంటరేమోనని అడగలె."

ఆమె ఏడవలేదు. గబగబా జీపు దగ్గరికి పోయింది, ఉప్పునీళ్లు కలపడానికి తెచ్చిన ప్యాకెట్లలో ఒకటి మిగిలి ఉంటే పళ్లతో చింపి కొంగులో పోసుకుంది, పొలం నడిమికి నడిచింది. ఎటు పోవాలో ఇప్పుడు ఆమెకు తెలుసు, ఆ చిన్న మచ్చ దగ్గర అరుణ్ గుర్తుకు పుల్ల పాతాడు. ఏం జరగబోతోందో నాకు ఒక్క క్షణం ఆలస్యంగా వెలిగింది. చెప్పులు వదిలేసి ఉరికి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడు పొయ్యొద్దు పెద్దమ్మా."

ఆమె నా వైపు చూసిన చూపు నేను తట్టుకోలేకపోయాను. "ఇన్నేండ్లు ఆగిన. ఇంకెంతసేపు ఆగాలె?"

"ఇంజినీరు వచ్చి చూసేదాక. ఇప్పుడు పోసినవనుకో, నీ ఉప్పుకే అంకె పడ్డదంటడు. పొద్దున మెషీన్ దీని మీదనే దిగుతది. నీ కాళ్లు మొక్కుత, జరసేపు."

వదలాలో పట్టుకోవాలో నాకు తెలియలేదు. మా నాన్న తిట్టినా నిలవని నేను, ఒక తల్లిని బిడ్డ బొంద ముందు ఆపి నిలబెట్టాను. ఎంత పాపిష్టి పని అనిపించింది. చివరికి ఆమే కొంగు మెలితిప్పి, ఉప్పు ముడి వేసి, గుప్పిట్లో బిగించుకుంది.

"రమ్మను మీ సారును" అంది.

ప్రశాంత్ వచ్చేసరికి పొలం మీద ఎండ పోయింది. ఉరుము ఒకటి వినపడింది. జీపు దిగుతూనే తెల్ల డ్రమ్ము మూత తీసి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. మరో వేలు ముంచి మళ్లీ చూశాడు. నాకు అరవాలనిపించింది, అరుణ్ కళ్లతోనే వద్దన్నాడు.

"మంచినీళ్లే" అన్నాడు ప్రశాంత్. "కానియ్యున్రి."

స్వరూప పోయబోతే రూతమ్మ గ్లాసు లాక్కుంది. ఒక చేత్తో కొంగు ముడి, ఇంకో చేత్తో గ్లాసు. ప్రశాంత్ చూశాడు. "ఆ కొంగుల ఏందమ్మా?"

"ఉప్పు సార్."

అతను నా వైపు తిరిగాడు. "అది మీటరుకు గాదు సార్" అన్నాను. "లైను అయినంక చెప్త."

స్వరూప చువ్వ దిగ్గొట్టింది. రూతమ్మ నీళ్లు పోసింది, చుక్క ఎక్కువ కాకుండా, చుక్క పక్కకు పోకుండా. అరుణ్ అంకె చదివాడు. ఎక్కువే. జరిపాం, ఎక్కువే. జరిపాం, సగానికి పడింది. ప్రశాంత్ మీటరు మీదికి వంగాడు. జరిపాం, లేచింది. జరిపాం, పడింది. వరస చివరికి వచ్చాం. నా ముంజేతి మీద ఒక చినుకు పడింది, పెద్ద చినుకు. నేను దాన్ని తుడిచేసుకుని ఎవరికీ చెప్పలేదు.

"చదువురా" అన్నాను.

అరుణ్ చదివాడు. మధ్యాహ్నం చదివిన అట్టడుగు అంకె అదే.

"అడ్డం గూడ ఒక లైను వెయ్యున్రి" అన్నాడు ప్రశాంత్. అడ్డంగా వేశాం. అటు నుంచి వచ్చినా అక్కడికి రాగానే పడింది. అతను నిటారుగా లేచాడు. తను నిలబడిన చోటు చూసుకుని, నెమ్మదిగా రెండడుగులు పక్కకు జరిగాడు. మీటరును, పుల్లను ఫోనులో ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోనులోనే మెషీన్ డ్రైవరుతో మాట్లాడాడు.

"పొద్దున పొలంల దించకు. గట్టవతల, సర్కారు జాగల దించు. గుర్తులు నేనొచ్చి పెడ్త." ఫోను జేబులో పెట్టుకుని నాతో అన్నాడు, "రాసిస్త మేడం. మీరు గూడ రాయున్రి."

అరుణ్ పటం చూసుకుంటున్నాడు. వాడికి పని మధ్యలో ఆగితే నిద్ర పట్టదు. "అక్కా, ఇంకొక్క లైను మిగిలింది. చిన్న బొంద మీదికెల్లి పోతది. పెద్దమ్మ ఉప్పు పోస్తే మల్ల ఆ రీడింగ్ రాదు."

"రాకపోనియ్" అన్నాను.

చువ్వలు నేనే పీకి పక్కన పడేశాను. రూతమ్మ పుల్ల దగ్గరకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు. కొంగు ముడి విప్పబోతే రాలేదు, చెమటకు బిగుసుకుపోయింది. హన్మమ్మ వంగి, గోళ్లతో ముడి తీసింది. ఉప్పు తడిసి గడ్డలు కట్టింది. రూతమ్మ దాన్ని అరచేతుల్లో నలిపి, మట్టి మీద కాస్త కాస్త పోసింది. పోసిన చోట చేత్తో నిమిరింది, పిల్ల వీపు నిమిరినట్టు.

"ఆలిశమైంది బిడ్డా" అంది. "బొంబయి శాన దూరం."

వాన దిగింది. గట్టు మీది వాళ్లు తలల మీద కొంగులు కప్పుకున్నారు కానీ ఇంటి దారి పట్టలేదు. అరుణ్ మీటరు మీద టార్పాలిన్ పట్టా కప్పాడు. రూతమ్మ లేవలేదు. నేను ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాను, చాలాసేపు లేవలేదు.